చేబదులు పరుగు

నమోదు 112. సోమవారం, పట్టీలు ఉతికే రోజు

మూడో సొరంగం ఆటశాల ఇన్‌ఛార్జ్ పృథ్వీధర్ అను నేను, పూర్తి స్పృహలో, మోచేతుల దాకా సబ్బు నురగతో నమోదు చేయునది ఏమనగా: ఈ వారం కూడా నడుము పట్టీలు కంపు కొట్టాయి.

పట్టీ అంటే తెలియనివాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. అయినా లాగ్ అన్నాక కొంత గాంభీర్యం ఉండాలి కనుక రాస్తున్నాను. చందమామ మన బరువును మహా గారాబంగా మోస్తాడు. గారాబం ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయి. అందుకని పెద్దలందరూ రోజూ పట్టీ బిగించుకుని, నేలలోని స్ప్రింగులు కిందికి లాగుతుంటే, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, నేను తయారుచేసిన 'ఏడు కోటల దారి' ఆట ఆడాలి. ఇది చట్టం. ఉత్త పరుగైతే ఎవరూ రారని చట్టం చేసినవాళ్ళకు కూడా తెలుసు. అందుకే నాకు ఉద్యోగం వచ్చింది.

చంద్రుడి మీద పుట్టినవాడికి భూమి పేరు పెట్టడం మా నాన్న హాస్యం. నలుగురే ఉన్న క్లాసులో నాలుగో ర్యాంకుతో ఆటల డిజైన్ డిగ్రీ పూర్తి చేయడం నా హాస్యం.

ఆటలో రెండే సంగతులు. ఒకటి తరుము: కాళ్ళకు గజ్జెలు కట్టుకున్న అడవిపంది వెంటపడుతుంది, మీరు పరిగెత్తాలి. రెండోది తలుపు: కోటగుమ్మం వస్తుంది, పంది బయటే ఆగిపోతుంది, చిక్కుముడి విప్పితే తలుపు తెరుచుకుంటుంది. తరుములో గుండె ఎగురుతుంది, తలుపు దగ్గర కుదుటపడుతుంది. పప్పు పక్కన ఊరగాయ ఉన్నట్టు ఉండాలని డాక్టర్ జుబేదా మేడమ్ ఆదేశం. ఎవరికి ఏది పప్పు, ఏది ఊరగాయ అన్న దగ్గరే సొరంగం రెండు పార్టీలయింది.

ఇవాళ భోజనాల వరుసలో తరుము పార్టీ అధినేత ఏసుదాసు బాబాయ్ నన్ను నిలదీశాడు. ఆయన మంచుగనిలో కోత పని చేస్తాడు. రక్తసంబంధం లేకపోయినా మా నాన్నకు తమ్ముడు, అందుచేత నాకు బాబాయి.

"ఏరా పృథ్వీ, ఆ దీపాల తలుపు ఎవరి కోసం పెట్టినట్టు? ఒకటి ఆర్పితే పక్కన రెండు వెలుగుతన్నాయి. పని దిగొచ్చి దీపాలార్పుకుంటా కూచోవాలా నేను? పందిని పంపించు, పందిని."

"దాసూ, పందితో నీకున్న చుట్టరికం అందరికీ ఉండదు. కంచం పట్టు," అని గరిటెతో పప్పు వడ్డించింది వకుళత్త.

వకుళత్త మా నాన్నకు అక్క, వంటశాల పెద్ద, తలుపు పార్టీకి అధ్యక్షురాలు, కార్యదర్శి, సభ్యురాలు కూడా. అమ్మానాన్నలు మంచు బండ్ల మీద నెలల తరబడి తిరిగేవాళ్ళు కనుక నన్ను పెంచింది ఆవిడే. అన్నం ముద్దకో చిక్కుప్రశ్న వేసేది. జవాబు చెబితేనే తరువాతి ముద్ద. నేను సన్నగా ఉండడానికి కారణం అదే.

నా కంచంలో పప్పు పడుతుండగా వంగి చెవిలో అంది: "దీపాల తలుపు బాగుందిరా. మూడో దీపం దగ్గర నన్ను మోసం చేశావు."

ఈ సొరంగంలో ఇంతకు మించిన బిరుదు లేదు. ఆటశాల గోడ మీది బోర్డులో పరుగులో మొదటి పేరు కూడా ఆవిడదే. అరవై దాటిన మనిషి గని కూలీలను దాటి పరిగెడుతోందంటే ఆట ఎంత గొప్పదో అని నేను కుర్చీలో వెనక్కి వాలి గర్వపడుతుంటాను. నేను కుర్చీలోనే ఉంటాను. ప్రతి కోటనూ కూర్చుని, వేలితో నొక్కుతూ పరీక్షిస్తాను. నా చూపుడువేలి ఎముక వజ్రం.


నమోదు 113. మంగళవారం, వడపోత జల్లెడలు దులిపే రోజు

జల్లెడలు దులుపుతుంటే మేడమ్ పిలిపించారు.

"మీ మేనత్త స్కాన్ వచ్చింది. గీతకు ఆనుకుని ఉంది."

ఎముక బలానికి పెట్టిన కనీసపు గీత కిందికి జారినవాళ్ళను చక్రానికి పంపుతారు. పైన కక్ష్యలో గిరగిరా తిరుగుతూ రోగులకు పూర్తి బరువు చూపించే ఆసుపత్రి అది. ఏడాదికని పంపుతారు. వయసు పైబడినవాళ్ళ విషయంలో ఆ ఏడాదికి తోక పెరుగుతుంది. రెండేళ్ళ కిందట వెళ్ళిన తాయారమ్మగారు ఇంకా అక్కడి నుంచే శుభాకాంక్షలు పంపుతున్నారు.

"పొరపాటేమో మేడమ్. బోర్డు చూడండి. పరుగులో అత్తే ఫస్టు."

"బోర్డు చూశాను. నీ ఆటలో ఆవిడ లేడి. నా స్కానులో ఎముకలు మరమరాలు. మనిద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నాం, నాకు ఆ అలవాటు లేదు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నెలాఖరుకు రక్తం తీస్తాను. ఎముక కరుగుతోందో, కట్టుకుంటోందో అందులో తెలిసిపోతుంది. కరుగుతుంటే మాత్రం సంతకం పెట్టక తప్పదు. ఆవిడ చేతి పులుసు లేకుండా బతకడం నాకూ ఇష్టం లేదు."

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి వినిపించింది: "అన్నట్టు నీ స్కాన్ రెండు నెలలుగా ఎగ్గొడుతున్నావు."

"పని ఎక్కువగా ఉంది మేడమ్."

"కూర్చునే పనేగా."

వినపడనట్టు వచ్చేశాను.


నమోదు 114. బుధవారం

ఇవాళ చరిత్రలో మొదటిసారి కంట్రోల్ గది వదిలి, ఆట జరుగుతుండగా ఆటశాలలో కాలు పెట్టాను.

ఏసుదాసు బాబాయ్ రొప్పుతూ పరిగెడుతున్నాడు. నడుముకు పట్టీ ఒకటే, దానికి బిళ్ళలు మాత్రం రెండు: ఒకటి తనది, ఒకటి అత్తది. ఆ బిళ్ళను బట్టే ఎవరి కాళ్ళు పరిగెడుతున్నాయో ఆటకు తెలుస్తుంది. మూలన బోర్లించిన బకెట్టు మీద వకుళత్త అద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. తలుపు రాగానే బాబాయ్ బిళ్ళలు రెండూ ఊడదీసి ఆవిడ ఒళ్ళో పడేశాడు. ఆవిడ గాలిలో వేలితో దీపాలార్పగానే ఇద్దరి తలుపులూ టకటకా తెరుచుకున్నాయి. ఆవిడ బిళ్ళలు తిరిగి ఇచ్చింది. పంది గజ్జెలు మోగాయి. బాబాయ్ పరుగందుకున్నాడు.

అంటే గని కూలీలను ఓడించినది గని కూలీయే.

"బాబాయ్, ఏంటిది?"

"చేబదులు," అన్నాడు ఆగకుండా.

ఇది మా సొరంగం జబ్బు. మొదటి సంవత్సరాల్లో సరుకుల ఓడ ఆలస్యమైనప్పుడు మొదలైందట. పంచదార, గాలి వడపోత, స్నానం వంతు, చివరికి పిల్లవాడిని నిద్రపుచ్చడం కూడా ఇక్కడ చేబదులు నడుస్తుంది. అడిగితే లేదనరు. తీసుకున్నది తిరిగి ఇవ్వకపోతే మాత్రం ఆ మనిషితో వరుసలో ఎవరూ నిలబడరు. పరుగును కూడా చేబదులు ఇస్తారని నాలుగో ర్యాంకు బుర్రకు తట్టలేదు.

"అక్క నా తలుపులు తీస్తది, నేను అక్క పరుగు పరిగెడతా. ఎవరికి నచ్చింది వాళ్ళం చేస్తన్నాం. ఇందులో నీకొచ్చిన నష్టమేందిరా?"

"అత్తా, నీ స్కాన్..."

"తెలుసురా." అద్దాలు తీయలేదు. "జుబేదా నాకు ముందే చెప్పింది."

"తెలిసీ పరిగెత్తవా?"

"ఎక్కడికని పరిగెత్తనురా? ఎంత దూరం పోయినా చివరికి ఈ బకెట్టు దగ్గరికే రావాలిగా." తరువాత కొంచెం తగ్గి అంది: "నాకు నీ పంది వద్దు, నీ కోటా వద్దు. నువ్వు కొత్త తలుపేదైనా పెట్టావేమో చూద్దామని వస్తాను, అంతే."

ఈ వాక్యం లాగ్‌లో రాయడం నిబంధనలకు విరుద్ధం కావచ్చు. రాశాను.


నమోదు 118. ఆదివారం, సెలవు, అయినా పని

సరిదిద్దాను. బిళ్ళలు తీసేసి పట్టీకి అరచేతి గుర్తు పెట్టాను, ఇక ఒకరి కాళ్ళు ఒకరికి పనికిరావు. తలుపులకు గడువు పెట్టాను. గడువు దాటితే పంది గుమ్మంలోకే వస్తుంది. మధ్యాహ్నానికల్లా మహాద్భుతం పూర్తయింది.

సాయంత్రానికి వకుళత్త పట్టీ కొక్కేనికి వేలాడుతోంది.

వంటశాలకు పోయి అడిగాను. ఆవిడ గోంగూర ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఆలోచించేవాడిని వెనక నుంచి పొడిస్తే జవాబు రాదురా, కేక వస్తుంది. నిన్ను నేను అలా పెంచానా? గరిటె పట్టుకుని వెనక నిలబడి లెక్కలు చెప్పించానా?"

నిజానికి గరిటె పట్టుకునే చెప్పించింది. కానీ ముందు నిలబడేది, వెనక కాదు. తేడా ఉంది.

రాత్రి నా కంచంలో పప్పు పడింది. చెవిలో మాట పడలేదు.


నమోదు 121. బుధవారం, పట్టీలకు కొత్త కొక్కేలు

తరుము పార్టీ వినతిపత్రం లేకుండానే వినతి చేసింది. సరే, తలుపులన్నీ తీసి పారేసి చూద్దాం అనుకున్నాను. ఉత్త పంది. పంది వెనక పంది. వెనక నుంచి పొడిచే గడువు పోయింది కనుక అత్త వట్టి నడకకైనా వస్తుందేమోనని ఆశ.

అత్త రాలేదు. బాబాయ్ పండగ చేసుకున్నాడు. ఆపకుండా పరిగెత్తి, ఇంకా పరిగెత్తి, చివరికి పట్టీకి వేలాడుతూ తెల్లగా నవ్వాడు. నేనూ ఇంకొకరూ పట్టుకుని మేడమ్ దగ్గర పడుకోబెట్టాం.

గండం లేదు. గుండె గుర్రం కన్నా వేగంగా కొట్టుకుందట, దానికి విశ్రాంతి కావాలట. పరుగు బంద్, మళ్ళీ తను చెప్పేదాకా కూర్చుని ఉండాల్సిందేనని మేడమ్ తీర్పిచ్చారు. తరువాత నా వైపు తిరిగారు.

"తలుపులు ఎందుకు పెట్టమన్నానో మరచిపోయావా? వాటి దగ్గరే మనుషులు ఊపిరి తీసుకునేది."

మంచం మీది నుంచి బాబాయ్ నన్ను వెనకేసుకొచ్చాడు. "వాణ్ణేమనకండి మేడమ్. పందులు బాగున్నాయి. కాకపోతే ఒకదాని మాట ఒకటి వినటం లేదు."

ఒకరి ఎముక కరుగుతోంది, ఒకరి గుండె అలిసిపోయింది. రెండింటికీ కారణం నా ఆటే. నవ్వు రాని రోజులు కూడా నమోదు చేయాలి కనుక చేస్తున్నాను.


నమోదు 123. శుక్రవారం, మళ్ళీ పట్టీలు ఉతకడం

ఉతికిన పట్టీ ఒకటి మేడమ్ గదిలో ఇవ్వాల్సి ఉండి వెళ్ళాను. లోపల వకుళత్త బాబాయ్‌కి గోంగూర పులుసు పోస్తోంది.

"నీ పరుగులు నా మీద ఉండిపోయాయి దాసూ," అంటోంది.

"వదిలెయ్ అక్కా. తలుపులు తీశావుగా, చెల్లుకు చెల్లు."

"ఎక్కడి చెల్లు? తలుపులు నేను సరదాకు తీశాను. నువ్వు మంచం ఎక్కావు. ఇప్పుడు నలుగురిలో గరిటె పట్టుకుని ఎలా నిలబడేది?" ఆవిడ గొంతులో అంత సిగ్గు నేనెప్పుడూ వినలేదు.

పట్టీ గుమ్మంలోనే పెట్టి కంట్రోల్ గదికి పరుగు తీశాను. నిజమైన పరుగే. దారిలో రెండుసార్లు ఆగాల్సి వచ్చిందన్నది వేరే సంగతి.

ఇన్నాళ్ళూ తరుము ఒక పక్క, తలుపు ఒక పక్క పెట్టి త్రాసు పట్టుకుని కూర్చున్నాను. అది త్రాసులో తూచే వ్యవహారం కాదు. కొత్త కోటకు ఇద్దరు కావాలి. దారి పొడుగునా గోడ మీద బొమ్మలుంటాయి: ఏనుగు, చేప, నెమలి, ఎద్దు, ఒక్కొక్కటీ ఒక్కో వైపు తిరిగి. తలుపు మీద కూడా అవే బొమ్మలు, తిప్పడానికి వీలుగా. గోడకూ తలుపుకూ పొంతన కుదిరితే తెరుచుకుంటుంది. తలుపు దగ్గర కూర్చున్నవాడికి గోడ కనపడదు. పరిగెత్తేవాళ్ళకు తలుపు అందదు. మధ్యలో పంది. చూసింది పరిగెత్తుకొచ్చి చెప్పాలి, అర్థం కాకపోతే మళ్ళీ పోయి చూసి రావాలి. గడువు లేదు. పంది గుమ్మం తొక్కదు.

బాబాయ్‌ని తలుపు దగ్గర కూర్చోబెట్టొచ్చా అని మేడమ్‌ను అడిగాను.

"కూర్చోవడమేగా. కూర్చోనీ."

బాబాయ్ మాత్రం బాధగా చూశాడు. "చివరికి నన్ను తలుపు పార్టీలో కలిపావన్నమాట."


నమోదు 124. శనివారం

వరుసలో అందరి ముందూ అత్తకు చెప్పాను: "బాబాయ్ పరుగు ఎవరో ఒకరు పరిగెత్తాలి. లేకపోతే ఆయన ఆ తలుపు దగ్గరే ఉండిపోతాడు."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. చీరకొంగు నడుముకు చుట్టింది. ఆ మీద పట్టీ బిగించమని నాకు చెయ్యి చాపింది.

వంటశాల సగం ఆటశాలకు వచ్చేసింది. మొదట నడిచింది. గోడ మీది బొమ్మల్ని పెళ్ళిలో నగలు చూసినట్టు తీరిగ్గా చూసింది. గజ్జెలు వినపడ్డాయి. వెనక్కి తిరిగి పందితో, "వస్తున్నాను, తొందరపడకు," అంది. పంది మర్యాద తెలిసినది కాదు, నేనలా పెంచలేదు. అప్పుడు అత్త కాలు సాగింది. స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఆవిడ మడమలు నేలను తాకిన చప్పుడు మొదటిసారి విన్నాను.

"దాసూ, ఏనుగు ఎడమకి. చేప కుడికి. నెమలి పైకి చూస్తోంది."

"నెమలి పైకి ఎందుకు చూస్తదక్కా?"

"నీకెందుకురా, తిప్పు."

"ఎద్దో?"

"ఎద్దు చూళ్ళేదు, పంది అడ్డొచ్చింది."

"అయితే పోయి చూసి రా మరి."

పోయింది. వచ్చింది. ఎద్దు కుడికి. తలుపు తెరుచుకోలేదు.

"చేప ఎడమకన్నావుగా అక్కా?"

"కుడికన్నాను."

"ఎడమకన్నట్టు వినపడింది. ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూసి రా."

వెనక నిలబడ్డవాళ్ళు "కుడికే" అని అరిచారు. బాబాయ్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. అత్త ఆయన్ను ఒక చూపు చూసి, రొప్పుతూ మళ్ళీ పోయింది. అలా ఎన్నిసార్లు పోయిందో నేను లెక్కపెట్టలేదు. తలుపు తెరుచుకునేసరికి ఆవిడ సిగ ఊడి వీపు మీద పడింది. బాబాయ్ కూర్చున్న బకెట్టు పక్కన అత్త కూలబడి, నవ్వు ఆపుకోలేక అరచేతులతో మొహం కప్పుకుంది.

రాత్రి వడ్డనలో చెవి దగ్గరికి వంగింది. "నీ నెమలి అబద్ధంరా. ఏ నెమలీ అలా మెడ పెట్టదు." పప్పు రెండు గరిటెలు పడింది.

ఆవిడ అటు పోగానే బాబాయ్‌ని నిలదీశాను. "చేప సంగతి మొదటిసారే తెలుసుగా నీకు?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. "చేప కుడికే ఉందని సొరంగమంతా ఇనపడింది. నాకు మాత్రం చెవుడొచ్చింది. రోజూ వస్తది, నెలాఖరుదాకా."


నమోదు 131. శనివారం

బాబాయ్ చెవుడు ముదిరింది. ఏనుగుకూ ఎద్దుకూ తేడా తెలియడం లేదు. అత్త రోజూ తిడుతూ పరిగెడుతోంది. సొరంగంలో మిగతావాళ్ళు కూడా జంటలు కట్టారు. భార్యాభర్తలు మొదటి రోజే విడిపోయి వేరే జంటలు చూసుకున్నారు. తరుము పార్టీ, తలుపు పార్టీ రద్దయ్యాయి. ఇప్పుడున్నవి చూసొచ్చేవాళ్ళ పార్టీ, సరిగ్గా చెప్పలేదనేవాళ్ళ పార్టీ.


నమోదు 137. శుక్రవారం, నెలాఖరు

మేడమ్ గదిలో నేనూ అత్తా పక్కపక్కన కూర్చున్నాం. అత్త చేతిసంచిలో చీరల చిన్న మూట ఉంది. ఒకవేళ పంపిస్తే ఈ రాత్రి బండికే వెళ్ళాలని సర్దుకుని వచ్చిందట. నాకు ముందు చెప్పలేదు. మూట వైపు చూడకుండా ఉండడానికి నేను గోడ మీది అస్థిపంజరం బొమ్మ వైపు చూశాను. అదీ పెద్ద ఓదార్పు కాదు.

మేడమ్ తెర వైపు చూశారు.

"కట్టుకోవడం మొదలైందని చెప్పను. కరగడం మాత్రం ఆగింది." కలం మూత పెట్టేశారు. "సంతకం పెట్టడం లేదు. ఇలాగే పరిగెత్తండి వకుళమ్మా."

అత్త సంచి ఒళ్ళోంచి తీసి కుర్చీ కిందికి కాలితో నెట్టింది. నేను చూశానేమోనని చూసింది. నేను చూడలేదని నమోదు చేస్తున్నాను.

తరువాత అంది: "దాసుగాడికి చెవుడు లేదని నాకు తెలియదనుకున్నావట్రా?"

"తెలిసీ పరిగెత్తావా?"

"చేబదులు కదా. వాడు అడిగినన్నిసార్లు తీర్చాలి."

లేచి బయలుదేరబోతుంటే మేడమ్ ఇంకో తెర తిప్పారు. "ఇందాక మీ రక్తంతో పాటు ఇతని స్కాన్ కూడా తీయించాను. ఇది ఆటశాల ఇన్‌ఛార్జ్‌ది."

అత్త వెనక్కి తిరిగి వచ్చి, వంగి, నా గీత ఎక్కడుందో, నేను ఎక్కడున్నానో చదివింది. రెండూ దగ్గరదగ్గరే ఉన్నాయి. చూపుడువేలి ఎముక ఒక్కటే వజ్రమైతే చాలదట.

"ఈ ఆట తయారుచేసినవాడు ఒక్కసారైనా ఆడలేదా?" అంది, నన్ను కాదు, అస్థిపంజరాన్ని.


నమోదు 138. శనివారం

ఈ నమోదు పరిగెడుతూ, నోటితో చెబుతున్నాను. తప్పులుంటే పంది బాధ్యత.

పట్టీ నేను ఉతికిందే. ఇంకా కంపు కొడుతోంది. గజ్జెల చప్పుడు ఇంత దగ్గరగా పెట్టిన మూర్ఖుడెవడో వాడికి జీతం కోయాలి. గోడ మీది నెమలి నిజంగానే అబద్ధం, ఏ నెమలీ అలా మెడ పెట్టదు. ఏనుగు ఎడమకి. చేప కుడికి. ఇప్పటికి నాలుగోసారి చెబుతున్నాను.

బాబాయ్ గోడవారన కూర్చుని పందిని ఉత్సాహపరుస్తున్నాడు.

తలుపు దగ్గర, బోర్లించిన బకెట్టు మీద, వకుళత్త కూర్చుని ఉంది. ఒళ్ళో గోంగూర కట్ట ఉంది, తీరిగ్గా ఆకులు ఏరుతోంది. నేను రొప్పుతూ చెప్పిందంతా విని తల ఊపుతోంది. నాకు మొదటి చిక్కుముడి వేసిన మనిషి, నేను పెట్టిన ప్రతి తలుపూ తీసిన మనిషి, చేప దగ్గర వేలు పెట్టి అలాగే ఆగిపోయింది.

"సరిగా వినపడలేదురా. ఇంకోసారి పోయి చూసి రా."